షోరూం 180 కిలోమీటర్ల దూరంలో ఉంటే మోటో గుజ్జీ కొనొచ్చా?

కొత్తదారి
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటో గుజ్జీ వీ7 మీద మనసు పడింది. 2018 మోడల్, 744 సీసీ, అంటే వీ7 త్రీ. సిలిండర్లు రెండూ ట్యాంకు కింద నుంచి చెరో పక్కకి పొడుచుకొచ్చి ఉంటాయి చూడండి, ఆ బండే. చైన్ ఉండదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే తిరిగే కడ్డీ ఒకటి వెనక చక్రాన్ని నడుపుతుంది. నడిపి చూశాను. నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పితే బండి మొత్తం పక్కకి ఒక ఊపు ఊగుతుంది, సగం ఆ ఊపుకే పడిపోయాను.

చిక్కేంటంటే అధికారిక డీలర్ నాకు 180 కిలోమీటర్ల దూరం. దగ్గర్లో మంచి మెకానిక్‌లు లేక కాదు గానీ ఈ ఇంజిన్ విప్పిన వాళ్లు ఎవరూ లేరు. నేనైతే ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం వరకు చేసుకుంటాను, అంతకుమించి ఎప్పుడూ చేయి పెట్టలేదు. ఈ దూరం చూసి వదిలేయాలా, లేక అనవసరంగా భయపడుతున్నానా? ఇలాంటి బళ్లు వాడుతున్నవాళ్లు చెప్పండి.

న్యూట్రల్‌లైట్
వద్దు.

న్యూట్రల్‌లైట్
సరే, కారణం కూడా చెప్తాను, లేకపోతే తిడతారు. నా దగ్గర ఇలాంటిదే, కొంచెం అరుదైన బండి ఒకటి ఉండేది. కంపెనీ పేరు అనవసరం. ఎడమ చేతి స్విచ్ సెట్ పోయింది. అంతే, అంత చిన్న వస్తువు. డీలర్ ఆర్డర్ పెట్టాడు, "వస్తోంది సార్" అన్నాడు, నెలలు గడిచాయి, మళ్లీ అడిగితే "ఫ్యాక్టరీలోనే స్టాక్ లేదు సార్" అన్నాడు. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది, టైర్లు కొత్తవి, బండి మాత్రం షెడ్‌లో. నడిపే కాలమంతా అలాగే పోయింది. బండి మీద ప్రేమ ఉంటే సరిపోదు తమ్ముడూ, సామాను దొరకాలి.

గ్రీజుచేతులు
నేను మెకానిక్‌ని. ఏ కంపెనీకీ చెందిన షోరూంలో లేను, సొంత వర్క్‌షాప్. న్యూట్రల్‌లైట్ చెప్పింది అబద్ధం కాదు గానీ అక్కడి నుంచి "వద్దు" అనే మాటకి దూకేయకూడదు.

దూరం సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, ఈ బండికి పడే పనుల్లో డీలర్ తప్ప ఇంకెవరూ చేయలేనివి ఎన్ని అని. వీ7 త్రీ తీసుకో. ఎయిర్ కూల్డ్ ఇంజిన్, సిలిండర్‌కి రెండు వాల్వులు, పుష్‌రాడ్లు. హెడ్‌లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ట్యాంకు దించే పని లేదు, రేడియేటర్ లేదు, మూత విప్పి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి స్క్రూ, లాక్ నట్ పద్ధతిలో ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండే సందు, సెట్ చేయొచ్చు. పాతకాలపు బండి మీద పని నేర్చుకున్న ఏ మెకానిక్‌కైనా ఇది చూడగానే తెలిసిపోతుంది. నాలుగు సిలిండర్ల మామూలు స్పోర్ట్స్ బండికి ఇదే పని చేయాలంటే సగం బండి విప్పాలి, క్యామ్‌లు తీసి షిమ్‌లు (సందు సరిచేసే చిన్న బిళ్లలు) మార్చాలి. మరి ఏది వింత బండి?

షాఫ్ట్ గురించి కూడా జనానికి అనవసర భయం. వెనక డ్రైవ్‌లో గేర్ ఆయిల్ మార్చాలి, టైం ప్రకారం స్ప్లైన్లకి, అంటే షాఫ్ట్ చివర్లోని పళ్లకి, గ్రీజు పెట్టాలి. అది పట్టించుకోకుండా వదిలేసిన బండిని కొంటే మాత్రం ఖర్చే. కొనేముందు వెనక చక్రం పైకెత్తి ముందుకీ వెనక్కీ తిప్పి ఎంత ఆట ఉందో చూడు, ఆయిల్ కారిన మరకలు ఉన్నాయేమో చూడు.

కష్టమైన పని ఒకటి ఉంది. క్లచ్. ఇది డ్రై క్లచ్, కారులో లాగా ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఉంటుంది. ప్లేటు మార్చాలంటే పక్క కవర్ తీస్తే సరిపోదు, స్వింగ్ ఆర్మ్ దించి గేర్‌బాక్స్‌ని ఇంజిన్ నుంచి విడదీయాలి. బాగా వాడితే చాలా కాలం వస్తుంది, హాఫ్ క్లచ్ మీద ట్రాఫిక్‌లో వేలాడే అలవాటుంటే రాదు. ఆ పని వచ్చిన రోజు నీ 180 కిలోమీటర్లు గుర్తొస్తాయి.

షాఫ్ట్‌సోదరి
నేను పాత వీ7 నడుపుతున్నాను. గ్రీజుచేతులు గారు చెప్పినవన్నీ నిజం. ఇంకో సంగతి, సర్వీస్ లైట్ ఆర్పడం, ఎర్రర్ కోడ్‌లు చదవడం లాంటివాటికి డీలర్ దగ్గరికే వెళ్లక్కర్లేదు. పాత మోడళ్లలో వాడిన మరెల్లీ కంపెనీ ఈసీయూల (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ల) కోసం గుజ్జీడయాగ్ అని అభిమానులే తయారుచేసిన ప్రోగ్రాం ఉంది, సరైన కేబుల్, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. మీ మోడల్‌కి పనిచేస్తుందో లేదో ముందు చూసుకోండి. బీఎండబ్ల్యూ వాళ్లకి జీఎస్-911, ట్రయంఫ్ వాళ్లకి ట్యూన్‌ఈసీయూ, ఇలా ఒక్కో బ్రాండ్‌కీ బయట ఏదో ఒకటి ఉంది. అలాంటిది ఏదీ లేని బ్రాండ్ అయితేనే భయపడాలి అంటాను నేను.

మోటో గుజ్జీ 1921 నుంచి ఉన్న కంపెనీ, 2004 నుంచి పియాజియో చేతిలో ఉంది. అంటే అప్రిలియా, వెస్పాలతో ఒకే గొడుగు కింద. చిన్న కంపెనీ సొంతంగా నడుపుకునే పార్ట్స్ గోడౌన్‌కీ దీనికీ తేడా ఉంటుంది.

వోల్ట్‌వీర
కంపెనీ వెనక ఎవరున్నారన్నది చాలా పెద్ద విషయం అక్కా, దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాది ఎలక్ట్రిక్ బండి. మా వాళ్లకి ఎనర్జికా కథ పాఠం లాంటిది. ఇటలీలోని మోదెనా కంపెనీ, మోటో ఈ అనే ఎలక్ట్రిక్ బళ్ల రేసులకి 2019 నుంచి 2022 దాకా బళ్లన్నీ వాళ్లవే. బండి తయారీలో ఏ లోటూ లేదు. 2024 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ రోజు వరకు "డీలర్ ఎంత దూరం" అని లెక్కేసుకున్నవాళ్లకి అసలు డీలర్ వెనక ఎవరూ లేకుండా పోయారు.

ఎలక్ట్రిక్ బండికి రోజూ చేయాల్సిన పని దాదాపు సున్నా. ఇంజిన్ ఆయిల్ లేదు, వాల్వులు లేవు, టైర్లు, బ్రేకులు, బెల్ట్, అంతే. కానీ ఆగిపోయిందంటే మాత్రం ఛార్జర్, బ్యాటరీ మేనేజ్‌మెంట్, కంట్రోలర్, వీటిలో ఏదో ఒకటి. వాటి సాఫ్ట్‌వేర్ తలుపు కంపెనీ వాళ్లకే తెరుచుకుంటుంది. పార్సిల్‌లో తెప్పించుకుందామంటే అదీ కుదరదు, విడి లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ నుంచే నిషేధం, ప్రమాదకర సరుకు నిబంధనలన్నీ దాటుకుని ఎక్కువగా రోడ్డు మీదో ఓడలోనో రావాలి. అందుకే నా లెక్కలో ఎలక్ట్రిక్‌కి డీలర్ దగ్గరుండటం పెట్రోల్ బండి కంటే ముఖ్యం, రిపేర్లు తక్కువ వస్తాయి కాబట్టి అక్కర్లేదు అనే వాదన నాకు ఎక్కదు.

న్యూట్రల్‌లైట్
చూశారా, నేను ఒక్క ముక్కలో చెప్పింది మీరు పేజీలు రాసి చెప్తున్నారు :)

పక్కతొట్టి
లేదు బాసూ, అంత సులువుగా గెలవనివ్వం. నాది యూరల్. సైడ్‌కార్ బండి, రష్యాలో ఇర్బిట్ అనే ఊళ్లో చేసేవాళ్లు, 2022లో తయారీ కజకిస్తాన్‌లోని పెట్రోపావ్లోవ్స్క్‌కి మార్చారు. 749 సీసీ బాక్సర్ ఇంజిన్ (సిలిండర్లు రెండూ ఎదురెదురుగా అడ్డంగా ఉంటాయి), రివర్స్ గేర్, కొన్ని మోడళ్లలో సైడ్‌కార్ చక్రాన్ని కూడా ఇంజినే తిప్పుతుంది. ఇంతకంటే వింత బండి ఎవరికైనా ఉంటే చెయ్యెత్తండి.

డీలర్‌ని నేను చూసింది కొన్న రోజే. ఆ తర్వాత ఆయన నాకు ఒక ఫోన్ నంబర్, ఒక పార్సిల్ అడ్రస్. ఫోన్ చేసి ఈ శబ్దం వస్తోంది అంటే ఏం విప్పాలో చెప్తాడు, సామాను పంపిస్తాడు. పనులు తరచుగా పడతాయి, దాచను, ఇది నీళ్లు పోసి మర్చిపోయే మొక్క కాదు. కానీ దాదాపు అన్నీ పానాలతో అయ్యే పనులే. దగ్గర్లో ఉండి ఫోన్ ఎత్తని డీలర్ కంటే దూరంగా ఉండి ఎత్తేవాడు నాకు మేలు.

రాత్రిబండి
ఒక చిన్న అభ్యంతరం. "సొంతంగా చేసుకో" అనే సలహా ఇచ్చేవాళ్లందరికీ గ్యారేజ్, లిఫ్ట్, ఖాళీ ఆదివారం ఉంటాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, పైకప్పు లేని చోట, వాచ్‌మన్ కేకలేస్తుంటే గేర్‌బాక్స్ విడదీయమంటారా? కొత్తదారి గారు ఆయిల్ మార్చడం దాకానే వచ్చన్నారు. ఆయన స్థితిని బట్టి చెప్పండి.

ఇంకో ప్రశ్న, ఇదొక్కటే బండా మీకు? ఆఫీసుకి దీని మీదే వెళ్లాలా?

కొత్తదారి
థాంక్స్ రాత్రిబండి గారు, ఎవరూ అడగనిది అడిగారు. ఒక మామూలు 150 సీసీ బండి ఉంది, అది అమ్మి ఆ డబ్బు ఇందులో కలుపుదామనుకున్నాను. ఆఫీసుకి రోజూ బండి మీదే. షెడ్ ఉంది, చిన్నది, కరెంటు ఉంది.

గ్రీజుచేతులు
150 అమ్మకు. ఈ థ్రెడ్‌లో నేను చెప్పే అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. ఇంకో బండి ఉన్నవాడికి మూడు వారాలు సామాను కోసం ఆగడం విసుగు, అంతే. లేనివాడికి అది ఉద్యోగం దాకా వచ్చే టెన్షన్. అప్పుడు ఆ విసుగులో ఎవడో ఒకడి చేతిలో పెట్టి, వాడు ఏదో ఒకటి అతికించి, బండి అసలు పాడయ్యేది అప్పుడే. నా దగ్గరికి వచ్చే అరుదైన బళ్లలో సగం పని ముందు చేసినవాళ్ల అతుకులు విప్పడమే.

అడ్డదారి
నేను నైకెన్ నడుపుతాను, యమహాది, ముందు రెండు చక్రాలు ఉండేది. రోడ్డు మీద ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు "రిపేర్ వస్తే ఏం చేస్తావ్" అని అడుగుతారు. 847 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ యమహా వాళ్లదే ఎంటీ-09 అనే బండి నుంచి తీసుకున్నదే, కాబట్టి ఫిల్టర్లు, ప్లగ్గులు, క్లచ్, వీటి గురించి ఏ యమహా వర్క్‌షాప్ కూడా తల గోక్కోదు. వింతంతా ముందు భాగంలోనే. నాలుగు ఫోర్కులు, ఆ లింకులు, 15 అంగుళాల ముందు టైర్లు. ఆ టైర్లే నాకు తలనొప్పి. పంచర్ అయితే "ఈ సైజు లేదన్నా" అంటారు. ఒక జత ఎప్పుడూ ఇంట్లో పెట్టుకుంటాను.

అందుకే నేను బండి చూస్తే ముందు వింత ఏ భాగంలో ఉందో చూస్తాను. అరిగిపోయే భాగంలో ఉంటే మాటిమాటికీ దాని వెనక తిరగాలి. ట్రయంఫ్ రాకెట్ త్రీ చూడండి, ఇంజిన్ ఎంత పెద్దదైనా అది వేరే సంగతి, వెనక టైరు 240/50-16. ఆ సైజు మీద ఎన్ని కంపెనీలు టైర్లు చేస్తాయో కొనేముందే చూసుకోవాలి.

షాఫ్ట్‌సోదరి
ఇది బాగా చెప్పారు. దీనికి ఉల్టా కూడా ఉంది. వింతగా కనిపించే బండిలో వింత కాని భాగాలు బోలెడు. బ్రెంబో కాలిపర్ అయితే ప్యాడ్లు పది బ్రాండ్లలో దొరుకుతాయి. వీల్ బేరింగ్ మీద 6204 లాంటి నంబర్ ఉంటుంది, 20 × 47 × 14 మిల్లీమీటర్లు, బేరింగ్ షాపుకెళ్తే ఎవరైనా ఇస్తారు, దానికి బండి పేరు చెప్పాల్సిన అవసరమే లేదు. స్పార్క్ ప్లగ్, ఫ్యూజ్, రిలే, ఫోర్క్ ఆయిల్ సీల్, ఇవన్నీ సైజు మీద దొరికేవే. పార్ట్స్ బొమ్మల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని ఒక సాయంత్రం కూర్చుంటే బయట దొరకనివి ఏవో తేలిపోతాయి. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకపోతే బండి స్టార్ట్ కానివ్వనిది), డాష్‌బోర్డ్, స్విచ్‌లు, కేసింగులు, ప్లాస్టిక్. భయపడాల్సిన జాబితా అంతే.

పాతఇనుము
కంపెనీ మూతపడటం గురించి వోల్ట్‌వీర చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను, నాది బ్యూయెల్ ఎక్స్‌బీ. హార్లే వాళ్లు 2009 అక్టోబరులో ఆ బ్రాండ్‌ని మూసేశారు. ఇంకా నడుపుతున్నాను. ఎలాగంటే ఇంజిన్ హార్లే వాళ్ల స్పోర్ట్‌స్టర్ కుటుంబానిదే, దాని మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ ఆ బండిలో పెట్రోల్ ఉండేది ఫ్రేమ్‌లో, ఆయిల్ ఉండేది స్వింగ్ ఆర్మ్‌లో, ముందు బ్రేక్ డిస్క్ రిమ్ అంచుకి బిగించి ఉంటుంది. ఫ్రేమ్‌కి చిన్న చీలిక వచ్చిందంటే పెట్రోల్ ట్యాంకు పోయినట్టే. అలాంటివి ఎక్కడైనా విప్పిన బండి నుంచి దొరకాలి.

విక్టరీ అనే అమెరికా బ్రాండ్ ఇంకో రకం. పొలారిస్ వాళ్లు 2017 జనవరిలో మూసేస్తున్నామని చెప్తూనే పదేళ్లు పార్ట్స్ ఇస్తామన్నారు. మూసేసేవాళ్లలో అది మర్యాదైన పద్ధతి. ఇక పెద్ద కంపెనీ అయితే ధీమా అనుకోకండి, కేటీఎం 2024 నవంబరులో దివాలా రక్షణ కోరింది, ఆ తర్వాత బజాజ్ చేయి అందించింది. పేరు ఎంత పెద్దది అని చూడటం కంటే ఆ ఇంజిన్ ఇంకెన్ని బళ్లలో ఉంది, ఎన్నేళ్లు తయారైంది అని చూడండి. వీ7 విషయంలో, గుజ్జీల్లో చిన్న బ్లాక్ అని పిలిచే ఆ ఇంజిన్ కుటుంబం 1970ల నుంచి సాగుతోంది, అది మీకు కలిసొచ్చేదే.

న్యూట్రల్‌లైట్
మరి అలా అయితే డుకాటీ? దాని వాల్వులు స్ప్రింగులతో కాకుండా క్యామ్‌లతోనే మూసుకుంటాయి, డెస్మో. తెరిచే షిమ్ ఒకటి, మూసే షిమ్ ఒకటి. వింతలకే వింత. అయినా జనం కొంటున్నారు.

గ్రీజుచేతులు
కొంటున్నారు, ఎందుకంటే డీలర్లు ఎక్కువ, డెస్మో నేర్చుకున్న బయటి మెకానిక్‌లూ ఎక్కువ. బీఎండబ్ల్యూ వాళ్ల టెలిలివర్ అనే ముందు సస్పెన్షన్ కూడా అంతే, మామూలు ఫోర్క్‌తో పోలిస్తే పూర్తిగా వేరే ఏర్పాటు, అయినా 1993 నుంచి అన్ని బళ్లు అమ్ముడయ్యాయి కాబట్టి ఎవరికీ వింతగా అనిపించడం లేదు. అదే ఏడాది వచ్చిన యమహా జీటీఎస్1000 ముందు కూడా ఫోర్కులు లేవు, స్వింగ్ ఆర్మ్. అది నిలవలేదు, ఇప్పుడు దాని ముందు భాగం సామాను కావాలంటే వేట. అన్నట్టు డుకాటీ వాళ్లే 2020లో మల్టీస్ట్రాడా వీ4కి స్ప్రింగు వాల్వులు పెట్టి 60,000 కిలోమీటర్లకి ఒకసారి చూసుకుంటే చాలన్నారు. దూర ప్రయాణాల బండికి వర్క్‌షాప్ బాధ ఎంతో వాళ్లకీ తెలుసు.

రాత్రిబండి
కొత్తదారి గారు, నేనైతే ఇలా చేస్తాను. డీలర్‌కి ఫోన్ చేయండి, కానీ సేల్స్ వాళ్లకి కాదు. వాళ్లు అన్నీ ఉన్నాయనే చెప్తారు. పార్ట్స్ కౌంటర్‌కి ఇవ్వమనండి. మీ బండి ఛాసిస్ నంబర్ చెప్పి క్లచ్ కేబుల్, క్లచ్ లివర్, ఎడమ స్విచ్ సెట్, ఫ్యూయల్ పంప్, ఇవి ఉన్నాయా, లేకపోతే ఎన్నాళ్లు అని అడగండి. తర్వాత వర్క్‌షాప్‌కి. ఈ బ్రాండ్ మీద ట్రైనింగ్ ఉన్నవాళ్లు ఎంతమంది, ఒక్కడే అయితే ఆయన సెలవు పెడితే ఎవరు చేస్తారు? బయట కొన్న బండిని కూడా తీసుకుంటారా? ఇక కుదిరితే ఒకసారి స్వయంగా వెళ్లి వర్క్‌షాప్ వెనక వైపు చూడండి. దుమ్ము పట్టిన కవర్ కప్పిన బళ్లు ఎన్ని ఉన్నాయో, అవి దేనికోసం ఆగాయో మాటల్లో పెట్టి అడిగితే కుర్రాళ్లే చెప్పేస్తారు.

ఇన్సూరెన్స్‌లో రోడ్డు మీద ఆగితే ఎంత దూరం మోసుకెళ్తారో కూడా చదవండి. "దగ్గరలోని వర్క్‌షాప్" అని రాసి ఉంటే వాళ్లు 180 కిలోమీటర్లు తీసుకెళ్లరు.

పక్కతొట్టి
తాళాల సంగతి ఎవరూ ఎత్తలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇమ్మొబిలైజర్ ఉన్న బండి కొంటే తాళం చెవులు రెండూ, కోడ్ కార్డ్ ఉంటే అదీ చేతికొచ్చాకే డబ్బివ్వు. ఒకే చెవితో కొని అది పోగొట్టుకుంటే కొన్ని బళ్లలో ఈసీయూ దాకా మార్చాల్సి వస్తుంది. అది తప్పకుండా డీలర్ పనే.

కొత్తదారి
ఫోన్ చేశాను, తర్వాత వెళ్లొచ్చాను కూడా. ఫిల్టర్లు, ప్యాడ్లు, క్లచ్ కేబుల్ స్టాక్‌లో ఉన్నాయి. లివర్‌కి పది రోజులన్నారు. స్విచ్ సెట్ అనగానే కౌంటర్‌లో ఆయన కంప్యూటర్ వైపు చాలాసేపు చూసి, "ఐదారు వారాలు, కచ్చితంగా చెప్పలేను" అన్నాడు. న్యూట్రల్‌లైట్ గారు గుర్తొచ్చారు. గుజ్జీ తెలిసిన టెక్నీషియన్ ఒక్కడే. ఆయన మంచివాడు, నేను కొనాలనుకుంటున్న బండి ఆయనకి తెలుసు, మొదటి రెండు సర్వీసులు తనే చేశానని, ఆ తర్వాత అది రాలేదని చెప్పాడు. అమ్మేవాడేమో అన్నీ షోరూంలోనే చేయించానన్నాడు నాతో.

వెనక కవర్లు కప్పినవి ఉన్నాయి. ఒకటి గుజ్జీ కాదు. ఇంకోటి గుజ్జీయే, పడిపోయిన బండి, ఇన్సూరెన్స్ వాళ్ల సంతకం కోసం ఆగిందట.

న్యూట్రల్‌లైట్
కంప్యూటర్ వైపు చూసే ఆ చూపు నాకు తెలుసు :( అయినా ఒప్పుకుంటున్నా, మీ డీలర్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకు దొరికినవాడు అది కూడా చెప్పలేదు.

గ్రీజుచేతులు
టెక్నీషియన్ చెప్పిన మాట నీకు ఫోన్ బిల్లు కంటే ఎక్కువే మిగిల్చింది. ఆ తర్వాతి సర్వీసులు ఎవరు చేశారు, వెనక డ్రైవ్‌లో ఆయిల్ ఎప్పుడు మారింది, స్ప్లైన్లకి గ్రీజు ఎప్పుడు పెట్టారు, బిల్లులు అడుగు. లేవంటే అవన్నీ ఇప్పుడు చేయించాల్సిందే అని లెక్కేసి ధర తగ్గించమను. తగ్గించకపోతే వేరే వీ7 చూడు. డీలర్ పరీక్ష పాసైంది, ఈ బండి ఇంకా పాసవ్వలేదు.

పడిపోయిన గుజ్జీ అన్నావు కదా, క్రాష్ గార్డ్ ఉందో లేదో గమనించావా? ఈ బండి ఏ పక్కకి పడినా నేలకి ముందు తగిలేది సిలిండర్ హెడ్ కవరే.

కొత్తదారి
లేదు అన్నా, గార్డ్ లేదు, కవర్ పగిలి ఉంది. అదే ఆర్డర్ పెట్టారట.

అమ్మేవాడు బిల్లులు వెతుకుతానని రెండు రోజులు టైం అడిగాడు. 150 అమ్మడం లేదు. బిల్లులు రాకపోతే ఇది వదిలేసి ఇదే మోడల్ ఇంకోటి చూస్తా, షోరూం ఆయనే తనకి తెలిసిన బండి ఒకటి అమ్మకానికి ఉందన్నాడు. ఈలోగా టార్క్ రెంచ్ ఆర్డర్ పెట్టాను.

షాఫ్ట్‌సోదరి
ఫీలర్ గేజ్ కూడా పెట్టండి. క్లచ్ కేబుల్ ఒకటి, రెండు లివర్లు బండితోపాటే కొనేయండి, పది రోజులు ఆగేది అప్పుడెందుకు. గార్డ్ మాత్రం బండి ఇంటికి రాకముందే.